విషం లేని క్యాబేజీ – పెరటిలో ఆవ మొక్కల కాపలా

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సామెత. చేతికందిన వస్తువును మనిషి చులకనగా చూస్తాడని దాని భావం. కాని నేటి పరిస్థితి ఆ సామెతను తలక్రిందులు చేసింది. అంగడి నుండి తెచ్చిన కూర మీద ఏ మందు ఎన్ని పర్యాయాలు పడిందో కొన్నవారికి తెలియదు, అమ్మినవారు చెప్పరు. అన్నీ తెలిసి తినగలిగినది పెరటిలో మన చేతితో పెంచుకున్నది మాత్రమే. ఈ మాట అన్ని కూరగాయలకూ వర్తించినా, అన్నిటికంటే ముందుగా చెప్పుకోవలసినది క్యాబేజీని గురించి. కొన్ని ప్రాంతాలలో దీనినే కోసుకూర అంటారు, ఉర్దూ వాడుకలో పత్తాగోబీ అంటారు.

చలికాలం నాలుగు నెలలలో, పది అడుగుల మడిలో, ఒక్క చుక్క పురుగుమందు లేకుండా క్యాబేజీని పండించుకునే విధానాన్ని ఈ పాఠంలో వివరిస్తాను. గుంటూరు ప్రాంతంలో మా పెరటిలో నేను అనుసరిస్తున్న పద్ధతి ఇదే.

శాస్త్రంలో లేని కూరను తూచడం ఎలా?

చరక సంహిత సూత్రస్థానంలో 27వ అధ్యాయం అన్నపాన విధి. ఆహార ద్రవ్యాలను అందులో 12 వర్గాలుగా విభజించారు. వాటిలో శాకవర్గం ఒకటి. ఆ వర్గంలో క్యాబేజీ లేదు. ఇది ఐరోపా సముద్ర తీరాల మొక్క. మన దేశానికి తరువాతి కాలంలో వచ్చింది. అయితే శాస్త్రంలో పేరు లేనంత మాత్రాన వైద్యుడు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. కొత్త ద్రవ్యాన్ని రసం, గుణం, వీర్యం, విపాకం అనే కొలతలతో పరిశీలించే మార్గాన్ని పెద్దలే చూపించారు.

నా పరిశీలనలో క్యాబేజీ ప్రధానంగా మధుర రసం గలది, వెనుక కొద్దిగా కారం తగులుతుంది. రూక్షం, శీతలం, వాతాన్ని పెంచుతుంది. పచ్చిగా ఎక్కువ తిన్నవారికి కడుపు ఉబ్బరిస్తుంది. ఇందులోని కొన్ని రకాల చక్కెరలు చిన్న ప్రేగులలో జీర్ణం కాక, పెద్ద ప్రేగులకు చేరి అక్కడ పులిసి వాయువును పుట్టిస్తాయని ఆధునికులు కారణం చెబుతారు. ఆకుకూరలను ఉడికించి, నీరు పిండి, నేయి గాని నూనె గాని తగినంత చేర్చి తినాలని చరకుడు చెప్పిన విధానం ఈ కూరకు చక్కగా సరిపోతుంది. జీలకర్ర, అల్లం, ఇంగువ తాలింపు వేసి, పెసరపప్పుతో కలిపి వండిన యెడల చాలామందికి బాధించదు.

సమస్య కూరలో లేదు, పైన పడే మందులో ఉంది

క్యాబేజీకి ప్రధాన శత్రువు డైమండ్ రెక్కల పురుగు. వేలి గోరు కంటె చిన్నదైన బూడిద రంగు చిలుక ఇది. రెక్కలు ముడుచుకొని వాలినప్పుడు వీపు మీద వజ్రాల ఆకారంలో లేత రంగు మచ్చలు వరుసగా కనిపిస్తాయి. దీని లేత ఆకుపచ్చ పిల్లపురుగులు ఆకు అడుగు భాగాన్ని గోకి తిని, పై పొరను మాత్రం పలుచని అద్దంలా మిగులుస్తాయి. ముట్టుకుంటే మెలికలు తిరిగి దారంతో క్రిందికి జారుతాయి. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి చిలుక వరకు రెండు మూడు వారాలలో ఒక తరం ముగుస్తుంది. ఒక్క పంట కాలంలోనే అనేక తరాలు పుడతాయి గనుక, మందుకు చావని పురుగుల సంతతి త్వరగా పెరుగుతుంది.

డి.డి.టి.కి ఈ పురుగు లొంగడం లేదని జావా దీవి నుండి 1953లోనే నివేదిక వెలువడింది. సూక్ష్మజీవి నుండి తయారైన బి.టి. మందును పొలంలో మొట్టమొదట తట్టుకున్న పురుగు కూడా ఇదేనని 1990లో హవాయి దీవుల నుండి తెలిసింది. మందు పనిచేయనప్పుడు రైతు మోతాదు పెంచుతాడు. రెండు మూడు మందులు కలిపి చల్లుతాడు. చిల్లు పడిన గడ్డను కొనేవారు లేరు. కనుక తప్పు రైతు ఒక్కడిదే అనడం న్యాయం కాదు.

ప్రభుత్వం చట్టాలు చేసింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లో ఉత్తర్వు వచ్చింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిషేధించింది. మందు పేర్లు మారాయి గాని, పురుగు పోలేదు, పిచికారీ ఆగలేదు.

ఈ విషం ముందుగా సోకేది చల్లే మనిషికే. ఒక శీతకాలపు మధ్యాహ్నం మా పొరుగు గ్రామపు రైతును అతని అన్నగారు మోటారు సైకిల్ మీద నా వద్దకు తీసుకొని వచ్చారు. ఒళ్ళంతా చెమటలు, నోటి వెంట చొంగ, చూపు మసక, కంటిపాపలు ఆవగింజంతగా ముడుచుకుపోయాయి. ఉదయం నుండి క్యాబేజీ తోటలో మందు చల్లాడట. నేను ఏ కషాయమూ ఇవ్వలేదు. బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్ళు కడిగించి, మందు డబ్బాతో సహా తక్షణమే పెద్దాసుపత్రికి పంపించాను. ఇటువంటి లక్షణాలు కనిపించినప్పుడు గృహవైద్యం తగదు. విరుగుడు ఇంజక్షన్లు ఆసుపత్రిలోనే లభిస్తాయి. అతడు కోలుకున్నాడు. తరువాత ఒకనాడు మాటల సందర్భంలో, "మా ఇంటి వాడకానికి పది మొక్కలు వేరుగా వేసుకుంటామండీ, వాటికి మందు కొట్టం" అన్నాడు. ఈ పాఠం వ్రాయడానికి ఆ ఒక్క మాట చాలు.

సుశ్రుత సంహిత కల్పస్థానం మొదటి అధ్యాయమే అన్నపానాలను విషం నుండి రక్షించుకోవడాన్ని గురించినది. రెండవ అధ్యాయంలో దూషీవిషం అనే భావన ఉంది. బలం తగ్గిన విషం మనిషిని వెంటనే చంపదు. శరీరంలో ఏళ్ళ తరబడి అణగి ఉండి, ప్రతికూలమైన దేశం, కాలం, ఆహారం తోడైనప్పుడు ధాతువులను చెడగొడుతుందని ఆచార్యుల అభిప్రాయం. నాటి విషాలు వేరు, నేటి మందులు వేరు. ఆ రెండూ ఒకటేనని నేను అనను. కాని "వెంటనే ఏమీ కాలేదు గనుక ప్రమాదం లేదు" అనుకోరాదన్న హెచ్చరిక మాత్రం నేటికీ శిరోధార్యమే.

నారు పోయడం, నాటడం

మైదాన ప్రాంతాలలో క్యాబేజీ చలికాలపు పంట. 15 నుండి 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో గడ్డ బాగా గట్టిపడుతుంది. మన వద్ద రాత్రులు చల్లబడే రోజులు తక్కువ గనుక త్వరగా కోతకు వచ్చే రకాన్ని ఎంచుకోవాలి. గోల్డెన్ ఏకర్ అటువంటిది. నాటిన 60, 65 రోజులకు కిలో, కిలోన్నర బరువు గల గుండ్రని గడ్డ కడుతుంది.

హస్త కార్తెలో, అనగా సెప్టెంబరు చివర, నారు పోయాలి. ఇంటి అవసరానికి ఒక గ్రాము విత్తనం కూడా అక్కరలేదు. జానెడు ఎత్తు గల నారుమడి చేసి, అర అంగుళం లోతున వరుసలలో విత్తి, పలుచగా పొడి గడ్డి కప్పాలి. మొలకలు రాగానే గడ్డి తీసివేయాలి. నీరు నిలిచినా, మొక్కలు ఒత్తుగా ఉన్నా మొదళ్ళు మెత్తబడి నారు కుళ్ళి పడిపోతుంది. సాయంత్రం కాక ఉదయమే నీరు పోయడం మంచిది.

నాటే మడి 10 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటే చాలు. రోజంతా ఎండ తగలాలి. సుమారు 10 కిలోల మాగిన పశువుల ఎరువు, అర కిలో వేపపిండి కలిపి తవ్వాలి. నాలుగు నుండి ఆరు ఆకులున్న, 25–30 రోజుల నారును స్వాతి కార్తెలో, అక్టోబరు చివర, సాయంకాలం నాటాలి. వరుసల మధ్య, మొక్కల మధ్య అడుగున్నర ఎడం ఉంచితే మూడు వరుసలలో 18 మొక్కలు పడతాయి. చిన్న కుటుంబానికి ఇది చాలు. ఒకేసారి కాక, రెండు వారాల తేడాతో రెండు విడతలుగా నాటుకుంటే గడ్డలు కూడా విడతలుగా అందివస్తాయి. కోస్తా దక్షిణ జిల్లాలలో ఆ రోజులలో వానలు ఎక్కువ గనుక మడిని ఎత్తుగా చేసుకోవాలి.

నేల తీరును బట్టి అయిదారు రోజులకు ఒకసారి తడి ఇవ్వాలి. నాటిన నాలుగవ వారంలో మొక్కకు గుప్పెడు వానపాముల ఎరువు వేసి, మొదలుకు మట్టి ఎగదోయాలి. గడ్డ ముదిరిన తరువాత నేలను బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా నీరు పెడితే గడ్డ పగులుతుంది. ఆకు అంచు నుండి లోపలికి కోణాకారంలో పసుపు మచ్చ వచ్చి, ఈనెలు నల్లబడితే అది నల్ల కుళ్ళు తెగులు. అటువంటి మొక్కను పీకి దూరంగా పారవేయాలి. ఆవ, ముల్లంగి, కాలీఫ్లవర్, నూల్‌కోల్ ఇవన్నీ క్యాబేజీ చుట్టాలే. ఏటా అదే మడిలో ఈ కుటుంబపు పంటను వేయకుండా మధ్యలో రెండు మూడేళ్ళు వేరే కూరలు పండించాలి.

ఆవ మొక్క – ఎర పంట

ఇప్పుడు పాఠంలోని ముఖ్య విషయానికి వద్దాం. డైమండ్ రెక్కల పురుగుకు క్యాబేజీ కంటె ఆవ మొక్క మీద గుడ్లు పెట్టడం ఎక్కువ ఇష్టం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఈ స్వభావాన్ని ఆధారం చేసుకొని, 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవను వేసే పద్ధతిని రూపొందించి, ఆ ఫలితాలను 1991లో ప్రచురించారు. ఒక ఆవ వరుసను క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండవ వరుసను నాటిన 25 రోజులకు విత్తుతారు. మొదటి ఆవ ముదిరి పురుగుకు రుచించని సమయానికి రెండవది లేతగా అందుబాటులో ఉంటుంది.

పెరటిలో దీనిని అనుసరించడం కష్టం కాదు. మడికి రెండు పొడుగు అంచుల వెంబడి, చిత్త కార్తెలో, పోపు డబ్బాలోని ముదురు ఆవాలనే వరుసగా విత్తి, మొలిచిన తరువాత జానెడుకు ఒక మొక్క చొప్పున ఉంచాలి. క్యాబేజీ నాటిన 25వ రోజున ఆ వరుసల ప్రక్కనే మరొక వరుస విత్తాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆవ మొక్కను వేసి వదిలివేయరాదు. ఎరకు వచ్చిన పురుగును చంపకపోతే ఆ ఆవ మొక్కే పురుగుల పుట్టినిల్లు అవుతుంది. మూడు రోజులకు ఒకసారి ఆవ ఆకులను తిరగవేసి చూసి, పిల్లపురుగులను, గూళ్ళను ఏరి సబ్బు నీటిలో వేయాలి. పురుగు మరీ ఎక్కువైన మొక్కను మెల్లగా పీకి, సబ్బు నీటిలో ముంచి, గోతిలో పూడ్చాలి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే ఉత్సాహంగా చేస్తారు. పురుగు గూడు సన్నని వలలా ఉండి, లోపలి పురుగు బయటికి కనిపిస్తుంది. అలా కాక, లోపలిది కనిపించని చిన్న తెల్లని పట్టుగూళ్ళు ఉంటే వాటిని ముట్టుకోవద్దు. అవి పురుగును చంపే మేలు చేసే చిన్న కందిరీగలవి. మందు చల్లని పెరటిలోనే ఈ మిత్రులు బ్రతుకుతారు.

వేప గింజల కషాయం

ఆవను దాటి క్యాబేజీ మీదికి వచ్చిన పురుగుకు వేప గింజల కషాయం చాలు. జ్యేష్ఠ, ఆషాఢ మాసాలలో రాలిన వేప పండ్ల గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి గోనె సంచిలో దాచుకోవాలి. బూజు పట్టిన గింజలు పనికిరావు. 50 గ్రాముల పప్పును దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, కొద్ది నీటిలో రాత్రంతా నానబెట్టాలి. ఉదయం మూటను బాగా పిండి, వడకట్టి, మొత్తం ఒక లీటరు అయ్యేటట్లు నీరు కలపాలి. క్యాబేజీ ఆకు మీద మైనపు పొర ఉంటుంది గనుక కషాయం నిలవక జారిపోతుంది. అందుకు చెంచాడు కుంకుడు రసం గాని, ఒక గ్రాము సబ్బు గాని చేర్చాలి. తయారుచేసిన నాటి సాయంత్రమే ఆకుల అడుగు భాగం తడిసేటట్లు చల్లాలి. నిలవ ఉంచరాదు. అవసరాన్ని బట్టి 7–10 రోజులకు మరల చల్లవచ్చు. గడ్డ కోయడానికి వారం ముందు ఆపివేయాలి. వేప గింజల కషాయాన్ని, వేప నూనెను పసిపిల్లలకు అందకుండా ఉంచాలి, త్రాగించడం ప్రమాదం.

ఇంత చేసినా బయటి ఆకులకు కొన్ని చిల్లులు పడతాయి. అంగడికి ఆ గడ్డ పనికిరాదు, మన వంటకు నిక్షేపంగా పనికివస్తుంది. పెరటి సేద్యానికి ఉన్న గొప్ప సౌకర్యం ఇదే.

బ్రసెల్స్ స్ప్రౌట్స్ సంగతి

పట్టణాలలో ఈ మధ్య బ్రసెల్స్ స్ప్రౌట్స్ విత్తనాలు దొరుకుతున్నాయనీ, వేయవచ్చునా అనీ కొందరు అడుగుతున్నారు. ఇది క్యాబేజీ జాతిదే. నిలువుగా పెరిగిన కాండం మీద ప్రతి ఆకు మొదట ఉసిరికాయంత చిన్న క్యాబేజీ కడుతుంది. బెల్జియం రాజధాని పేరు మీద ప్రసిద్ధి పొందింది. దీనికి నెలల తరబడి ఎడతెగని చలి కావాలి. మన దేశంలో నీలగిరుల వంటి చల్లని కొండల మీద పండుతుంది. మన మైదానాలలో చలి ముగిసేసరికి మొగ్గలు గట్టిపడక విచ్చుకుపోతాయి. ఆ శ్రమను క్యాబేజీ మీద పెట్టడం మేలు. ఇంగ్లండు వంటి చలి దేశాలలో నివసించే మన వారు మాత్రం నిశ్చింతగా వేసుకోవచ్చు. అక్కడ మార్చి, ఏప్రిల్ నెలలలో నారు పోసి, మే, జూన్ నెలలలో రెండు అడుగుల ఎడంతో నాటితే, శరదృతువు మొదలు చలికాలమంతా క్రింది నుండి పైకి కోసుకోవచ్చు. మంచు పడిన తరువాత వాటి రుచి మరింత తియ్యనవుతుంది.

వైద్యంలో క్యాబేజీ – మేలు, హద్దు

మా వీధిలో పురిటికి వచ్చిన ఒక అమ్మాయికి పాలు గడ్డకట్టి రొమ్ములు రాయిలా బిగుసుకున్నాయి. "నర్సమ్మ క్యాబేజీ ఆకు వేయమంది, మీరేమంటారు వైద్యులుగారూ?" అని ఆమె తల్లి అడిగింది. "ఆకు మంచిదేనమ్మా, అంగడి ఆకు మాత్రం వద్దు. ఆకు తీసిన చోటనే పసిబిడ్డ నోరు పెడుతుంది" అని చెప్పి, మా మడిలోని గడ్డ నుండి నాలుగు ఆకులు కోసి ఇచ్చాను. శుభ్రంగా కడిగి, ఈనెను అప్పడాల కర్రతో నలగగొట్టి, చల్లగా ఉన్న ఆకును చనుమొన తగలకుండా కప్పి, వెచ్చబడగానే తీసివేయాలి. కొందరికి దీనివలన నొప్పి, బిగువు తగ్గుతాయి. తరువాత ఆ చోటు కడిగి బిడ్డకు పాలు పట్టాలి, పాలివ్వడం మానరాదు. చర్మం పగిలి ఉంటే ఆకు వేయరాదు. జ్వరం, ఎర్రదనం ఉంటే వైద్యురాలికి చూపించాలి.

కడుపు పుండుకు క్యాబేజీ రసం మంచిదన్న ప్రచారానికి మూలం 1949లో అమెరికా వైద్యుడు గార్నెట్ చీనీ 13 మంది రోగుల మీద చేసిన పరిశీలన. అది చిన్న ప్రయత్నం. చాలా పుండ్లకు ఒక సూక్ష్మజీవి కారణమని 1980 తరువాత తెలిసింది. కాబట్టి రసాన్ని నమ్మి చికిత్స మానుకోరాదు. మలం నల్లగా వచ్చినా, రక్తం కక్కినా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఎడతెగక క్యాబేజీ మేపిన కుందేళ్ళకు గొంతువాపు వచ్చినట్లు 1928లో అమెరికాలో గమనించారు. మితంగా, ఉడికించి తినే మనకు ఆ భయం లేదు. థైరాయిడ్ జబ్బు ఉన్నవారు పచ్చి రసం త్రాగకుండా, వండినది కొద్దిగా తినవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ మాత్రలు వాడేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కూరలోని విటమిన్ కె ఆ మాత్ర పనికి అడ్డు వస్తుంది. పెరటిలో పండింది గదా అని ఒక్కసారిగా రోజూ తినడం గాని, తినేవారు హఠాత్తుగా మానడం గాని చేయరాదు. తమ డాక్టరుకు చెప్పి, ఎప్పుడూ ఒకే పరిమాణంలో తినాలి.

గుర్తుంచుకోవలసిన కార్తెలు

హస్త – నారు పోయడం.
చిత్త – మడి అంచుల వెంబడి మొదటి ఆవ విత్తడం.
స్వాతి – క్యాబేజీ నాటడం.
నాటిన 25వ రోజు – రెండవ ఆవ విత్తడం, మట్టి ఎగదోయడం.
సంక్రాంతి పండుగ రోజులు – కోత.

వేప గింజలు మాత్రం వేసవి చివరనే ఏరి పెట్టుకోవాలి. హస్త కార్తె వచ్చిన తరువాత వెదికితే దొరకవు.